అన్న ఉప్పు మానిన వారం

నాయనను మట్టి చేసిన తర్వాతి శనివారం మా ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. ఆడవాళ్లమంతా చాపల మీద మోకరించి ఉన్నాం. పొరుగూరి నుంచి వచ్చిన దైవజనుడు పొడవుగా ప్రార్థన చేస్తున్నాడు. మధ్యలో నా కుడికాలి పిక్క పట్టేసింది. ఏభైకి దగ్గరపడిన ఒంటికి అదేమీ కొత్త కాదు. పక్కకు ఒరిగి, కాలు చాపి, మోకాలు వంగకుండా ఒక చేత్తో అదిమిపెట్టి, రెండో చేత్తో కాలివేళ్లను నా వైపుకు లాక్కున్నాను. ఆ పద్ధతి నాకు ఎవరి వల్ల వచ్చిందో గుర్తొస్తున్నప్పుడే ప్రార్థనలో ఆ పేరు వినిపించింది. ఈ తండ్రిని బట్టి, వాన కోసం ఉపవాసముండి ప్రభువునందు నిద్రించిన ఈ ఇంటి కుమారుడు జయరాజును బట్టి నీకు స్తోత్రం అన్నాడాయన. అందరూ ఆమెన్ అన్నారు. కాలు వదలకుండా నేనూ అన్నాను.

ఆ ఆమెన్ ముప్పై ఏళ్లుగా అంటున్నాను. జయరాజు నా అన్న, నాకంటే ఐదేళ్లు పెద్ద. అతను ఉపవాసం వల్ల చనిపోలేదు. ఈ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే. ఒక డాక్టరు, నాయన, నేను. ఆ డాక్టరు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. నాయన బతికున్నంతకాలం రాయడానికి చెయ్యి రాలేదు. సంఘంలో పెరిగినదాన్ని, సాక్ష్యం చెప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటు. లేచి నిలబడి నా తప్పు ఇదీ అని చెప్పుకోవడం మాకు కొత్త కాదు. ఈ ఒక్క సాక్ష్యం మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

అప్పట్లో మా ఇల్లు రాప్తాడు దాటినాక రోడ్డును ఆనుకుని ఉండేది. ముందుగది నాయన షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టడం ఆయన పని. ఇంట్లో ఎప్పుడూ వార్నిష్ వాసన, మాడిన రాగితీగ వాసన. సంగటి తింటున్నా, ప్రార్థన చేస్తున్నా ఆ వాసన ముక్కును వదిలేది కాదు. వానలు లేక బోర్లలో నీళ్లు అడుగంటేకొద్దీ మోటార్లు ఒట్టిగా తిరిగి కాలిపోయేవి, మా షాపులో పని పెరిగేది. నాయనకు అది ముల్లులా ఉండేది. రైతుల కరువు మా కంచంలో అన్నమైంది ప్రభువా, మన్నించు అని చెప్పుకున్నాకే ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. ఆయన సంఘ పెద్ద. పొద్దున నాలుగింటికే లేచి, వీధి మొత్తానికి వినబడేలా ప్రార్థన చేసేవాడు. ఈ ఒళ్లు మనది కాదు, ఆయనది అన్నది నాయన ప్రార్థనల్లో తప్పకుండా వచ్చే మాట.

మోటారు కాలితే దాన్ని బోరులోంచి పైకి తీయాలి. మూడు కట్టెల కింద గొలుసు వేలాడదీసి, ఐదారుగురు మనుషులు బరువంతా చేతుల మీద ఆపుతూ, పైపులు ఒక్కొక్కటీ విప్పుకుంటూ లాగేవాళ్లు. మా అన్నకు పదహారేళ్లు నిండకముందే ఆ పని వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో లాగుతూ ఉండగా ఎవడో ఒకడు తొడ పట్టుకుని కింద కూలబడేవాడు. అందుకని నాయన తల్లి, మా అవ్వ, ఒక కుండెడు రాగి అంబలి ఉప్పు వేసి కలిపి నెత్తిన పెట్టుకుని బోరు దగ్గరికి పోయేది. ఆమెకు చదువు రాదు, పాటలన్నీ తప్పుగా పాడేది. మనుషుల చొక్కాల మీద చెమట ఎండి తెల్లగా పొర కట్టిందా లేదా అని చూసి, ఎవరికి ఎన్ని లోటాలు పోయాలో మాత్రం తెలుసు. ఒంట్లో ఉప్పు చొక్కాకు పోయింది, మళ్లా లోపలికి ఏసుకోవల్ల అనేది. అంబలి తాగినోడు కాసేపటికి లేచి గొలుసు పట్టుకునేవాడు.

ఆ గొలుసే అన్నకు వీపును, భుజాలను తయారుచేసింది. ఒకసారి రాగితీగ కొనడానికి అనంతపురం పోయినప్పుడు, పాత గోదాములో ఇనుప బరువులు పెట్టుకుని కుర్రాళ్లకు నేర్పించే మస్తాన్ మాస్టరు అతన్ని చూసి రోడ్డు మీదే నిలబెట్టాడట.

"ఏమప్పా, ఈ వీపు యాడ తెచ్చుకున్నావు?"

"బోరుబావి కాడ అన్నా."

"మా వాళ్లు మూడేండ్ల నుంచి కోడిగుడ్లు మింగుతాండారు, ఈ వీపు రాలా. నువ్వు ఆ బోరు యాడుందో చెప్పు, వీళ్లందర్నీ అందులో దించుతా."

ఈ మాటలు అన్న మాకు చెప్పి పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచి పని అయిపోగానే సైకిలు మీద టౌనుకు పోవడం మొదలుపెట్టాడు. నాయనకు మొదట ఇష్టం లేదు. అద్దం ముందు నిలబడేవాడు దేవుని ముందు నిలబడలేడు అని దెప్పేవాడు. కండలు చూపించే ఒక చిన్న పోటీలో అన్న కప్పు తెచ్చి ఆదివారం ఆరాధనలో బల్ల మీద పెట్టి స్తోత్రం చెల్లించాక నాయన మెత్తబడ్డాడు. కాఫీకొచ్చిన వాళ్లకు ఆ కప్పు చూపించేవాడు. దాని మీద దుమ్ము కూడా ఆయనే తుడిచేవాడు.

ఇంట్లో వంట రెండు రకాలైంది. అందరికీ ఒక కూర, అన్నకు ఉడికించిన గుడ్లు, నీళ్లలో ఉడికిన కోడిమాంసం. పోటీ నెలరోజుల్లో ఉందనగా కూరలో ఉప్పు తగ్గేది, వారం ఉందనగా పూర్తిగా మానేసేవాడు. అమ్మ గొణిగేది. ఉప్పు లేని కూడు జ్వరమొచ్చినోళ్లకు పెడతారు కానీ బరువులు ఎత్తేవాళ్లకు పెడతారా అని. అన్న ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, నీ చెయ్యే ఉప్పు కదమ్మా అనేవాడు. ఆమె మురిసిపోయి ఊరుకునేది.

కండలు పెరగడానికి వేసుకునే సూదుల సంగతి ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. ఇంటర్ అయిపోయి ఇంటిపట్టునే ఉన్నాను. అన్న గుడ్డలు ఉతికేది నేనే. ప్యాంటు జేబులో ఖాళీ మందుబుడ్డి దొరికింది. దాని మీద గుర్రం బొమ్మ ఉంది. గొర్రెలకూ ఎద్దులకూ మందులమ్మే ఒక మనిషి తెచ్చిస్తాడని, జిమ్ములో పెద్ద పోటీలకు పోయేవాళ్లంతా వేసుకుంటారని అడిగినాక చెప్పాడు. దాంతోపాటు ఉబ్బసపు రోగులు మింగే మాత్రలు కూడా మింగేవాడు, కొవ్వు కరుగుతుందని. ఆ మాత్రలు మొదలైనాక అన్న చేతిలో కాఫీలోటా వణికేది. కాళ్లు పట్టేయడం కూడా అప్పుడే మొదలైంది. తినడానికి కూర్చుంటే పొత్తికడుపు పక్కన పట్టేసేది, చెప్పులు వేసుకోబోతే అరికాలు ముడుచుకుపోయేది. ఇంత లావు మనిషి, గోడ పట్టుకుని పళ్లు నూరేవాడు.

మొదట్లో నేను శెనగనూనెలో వెల్లుల్లి కాచి గట్టిగా పిసికేదాన్ని. అన్న అరిచేవాడు. మస్తాన్ మాస్టరు చెప్పి పంపిన పద్ధతి వేరు. పట్టేసిన కండను గుద్దకూడదు, పిసకకూడదు. దాన్ని మెల్లగా సాగదీసి పట్టుకోవాలి. పిక్క పడితే మోకాలు చాచి వేళ్లు పైకి, తొడ ముందు పడితే మడమ పిరుదు వైపుకు, వెనక పడితే కాలు చాచి నడుం ముందుకు. కండ వదిలాక వేడినీళ్ల గుడ్డ. ఆ తర్వాత ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు, అరటిపండు, టెంకాయ నీళ్లు. రోజూ సాయంత్రం ఆరింటికి, దీపం పెట్టి పాట పాడుకునే ముందు, అది నా పని. అన్న చాప మీద బోర్లా పడుకునేవాడు. నేను అతని కాలు ఎత్తి పట్టుకుని, లోపల కండ తాడు ముడిలా ఉండి మెల్లగా విడిపోవడం నా అరచేతికి తెలిసేదాకా అట్లాగే ఉండేదాన్ని. అతని కాళ్లు నాకు తెలిసినంతగా పైనున్న ఆయనకు కూడా తెలియవని నేను అంటే, దేవుని మీద జోకులేసేంత పెద్దదానివైతివా అని నవ్వేవాడు.

ఆ ఎండాకాలం అవ్వకు కాళ్లు పొంగాయి. గుండె బలహీనపడింది, ఒంట్లో నీరు చేరుతోంది అని డాక్టరు నీళ్లు దించే మాత్రలు రాశాడు. రోజూ మాత్ర వేసే బాధ్యత నాది కాబట్టి జాగ్రత్తలు నాకే చెప్పాడు. ఈ మాత్ర వేసుకునేవాళ్లకు టెంకాయ నీళ్లు, అరటిపండ్లు ఎక్కువ పెట్టకూడదు, ఒంట్లో ఒక రకం ఉప్పు పేరుకుపోతుంది అన్నాడు. అవ్వకు టెంకాయ నీళ్లంటే ప్రాణం. అయినా నేను ఒక్క గుక్క కూడా పోయలేదు. ఎంత తిట్టినా పోయలేదు.

నాలుగు వారాలకు వచ్చిన మాత్రలు మూడు వారాలకే అయిపోవచ్చాయి. అవ్వకు నేను తప్ప ఎవరూ ఇవ్వరు. మధ్యాహ్నం అన్న షాపులో ఒక్కడే ఉన్నప్పుడు పోయి అడిగాను.

"అవ్వకు కాళ్లల్లో నీరు దింపేది నాకు తోలు కింద నీరు దింపుతాది మ్మే," అన్నాడు. "నీరు పోతేనే స్టేజీ మీద నరాలు, కండలు తేలి కనపడేది. అందరూ ఏసుకుంటారు."

"అవ్వ రోగం మాత్రలు కదన్నా అవి."

"ఇంగ నాలుగు దినాలే. శనివారం స్టేజీ దిగినంకనే ఉప్పు, నీళ్లు, అన్నీ. మాస్టరు కూడా అదే చెప్పినాడు, దిగినంక ఆలస్యం చేస్తే కాళ్లతో ఆగదు, గుండె కూడా పట్టేస్తాదని. నాయనకు చెప్పొద్దు. చెప్తే నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టడం మా ఇంట్లో పాపం. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఒప్పుకున్నాను. అంతటితో ఆగలేదు. అవ్వ చీటీ పట్టుకుని మందుల షాపుకు పోయి ఇంకో అట్ట మాత్రలు నేనే తెచ్చి అతని చేతిలో పెట్టాను. అవ్వకు తక్కువ పడకూడదని అట్లా చేశానని అప్పుడు అనుకున్నాను. అన్న గెలవాలని నాకూ ఉండిందని ఇప్పుడు రాస్తున్నాను. జిల్లా అంతటికీ పెద్ద పోటీ అది. గెలిస్తే పోలీసులో ఆటల కోటా కింద ఉద్యోగం వస్తుందని ఎవరో ఆశ పెట్టారు.

ఆ ఏడు కూడా వాన రాలేదు. జూలై సగం దాటింది. విత్తనపు శెనక్కాయలు వొలిచి, గింజలు సంచుల్లో కట్టి ప్రతి ఇంట్లో మూలన పెట్టి ఉన్నాయి. దుక్కి చేసిన నేల గాలికి లేచిపోతోంది. గురువారం సాయంత్రం సంఘంలో పెద్దలంతా కూర్చుని, శుక్రవారం పొద్దున నుంచి ఆదివారం ఆరాధన దాకా వాన కోసం ఉపవాసం అని తీర్మానించారు. మామూలుగా మా ఉపవాసాల్లో నీళ్లు తాగేవాళ్లం. ఈసారి చేతనైనవాళ్లు నీళ్లు కూడా మానాలని నాయనే అన్నాడు. నేల తాగనప్పుడు మనం మాత్రం ఎట్ల తాగేది అన్నాడు. ఆ మాటకు చాలామంది ఏడ్చారు.

శుక్రవారం ఉదయం అన్న నీళ్లు ముట్టలేదు. పోటీ శనివారం సాయంత్రం కాబట్టి అతని లెక్క ప్రకారం ముట్టకూడదు. నాయన లోటాతో నీళ్లిచ్చి చూశాడు, అన్న వద్దన్నాడు. నాయన ముఖం ఎట్లా వెలిగిందో నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. అద్దం ముందు నిలబడే కొడుకు ఎప్పుడు దేవుని వైపు తిరుగుతాడా అని ఆయన ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్నాడు. సాయంత్రం ప్రార్థనలో అన్నను ముందుకు పిలిచి భుజం మీద చెయ్యేసి, నా బిడ్డ ముద్ద మానినాడు, ఉప్పు మానినాడు, గుక్క నీళ్లు కూడా తాగడంలేదు, మీ బిడ్డలను కూడా ఇట్లా నిలబెట్టండి అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. అన్న పెదాలు అప్పటికే పగిలి ఉన్నాయి. కాదు అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. మూడో వరుసలో కూర్చుని నేనూ అనలేదు. నాయన సంతోషం చూశాక అబద్ధమని మా ఇద్దరికీ అనిపించలేదు, అంత అందంగా ఉంది అది.

పోటీకి మా ఇంట్లోవాళ్లం ఎవరం పోలేదు. అన్నకు రెండో స్థానం వచ్చింది. శనివారం రాత్రి పొద్దుపోయాక ఆటోలో వచ్చాడు. ముఖానికి పూసుకున్న గోధుమరంగు నూనె మెడ మీద చారలుగా ఉంది, బుగ్గలు లోపలికి పోయాయి. నేను వంటగదిలో ఉప్పు వేసిన మజ్జిగ చెంబెడు, అన్నం, పప్పు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాను. అన్న తలుపు దగ్గర చెప్పులు విప్పుతూ ఉండగానే నాయన షాపులోంచి వచ్చాడు. నా చేతిలో చెంబు చూశాడు.

"ఇంగ ఒక్క పూటే కదా నాయనా," అన్నాడు అన్నతో, ఎంతో మెత్తగా. "రేప్పొద్దున అందరితో కలిసి విడుద్దాం. ఇంతసేపు ఉన్నోనివి, ఈ ఒక్క పూటకు పోగొట్టుకోవద్దు."

అన్న నా వైపు చూశాడు. నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను. తాగన్నా అనలేదు. నాయనా, అతను ఉపవాసంలో లేడు అని అనలేదు. అన్న మీద ఒట్టు ఉంది. అన్న గోడకు ఆనుకుని, సరే నాయనా అన్నాడు. అట్లా అనేటప్పుడు కూడా అతని ఎడమకాలి పిక్క గుడ్డ కింద ఎలుక పాకినట్టు కదలడం చూశాను. కాళ్లు పట్టనీయమని అడిగితే, ముట్టుకోవద్దు మ్మే, ముట్టుకుంటే అన్నీ పడతాయి అన్నాడు.

ఆదివారం మందిరం కిక్కిరిసింది. ఉపవాసం విడిచే రోజు మా దగ్గర ప్రేమవిందు ఉంటుంది. అమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు మందిరం వెనక పొయ్యిలు పెట్టుకుని వండుతున్నారు. ఉపవాసం విడవడం టెంకాయ నీళ్లతో అని మా సంఘంలో ఆచారం. బల్ల పక్కన గంపలో కాయలు కొట్టి సిద్ధంగా ఉంచారు. చివరి ప్రార్థనకు ముందు వాన పాట ఎత్తుకున్నాం. నాలుగు చరణాల పాట. మొదటి చరణంలోనే అన్న మోకాళ్ల మీద నుంచి ముందుకు పడ్డాడు.

పడి వణకడం మొదలుపెట్టాడు. తొడలు, పొట్ట, మెడ ఒకటి తర్వాత ఒకటి బిగుసుకుంటున్నాయి. వీపు విల్లులా వంగింది, చేతివేళ్లు కొంకర్లు పోయాయి. నోట్లోంచి మాట రాని శబ్దం వస్తోంది. మా సంఘంలో ఆత్మవశమైనవాళ్లు అట్లాగే పడతారు, అట్లాగే వణుకుతారు. అందుకే ఎవరూ దగ్గరికి పోలేదు. దేవుడు పట్టుకున్న మనిషిని మనుషులు పట్టుకోకూడదని మాకు నేర్పారు. చప్పట్లు పెరిగాయి, కంజీర మోత పెరిగింది. నాయన చేతులు పైకెత్తి, కన్నీళ్లు గడ్డం మీదుగా కారుతుండగా పాడుతున్నాడు. వాన తప్పకుండా వస్తుందని ఆ మందిరంలో ప్రతి ఒక్కరికీ ఆ నిమిషంలో నమ్మకం కుదిరింది.

నాకు తెలుసు. అది ఏ కండో, ఏ వైపు లాగితే వదులుతుందో కూడా తెలుసు. అయినా నేను లేవలేదు. ఎందుకని ముప్పై ఏళ్లు నన్ను నేనే అడుగుతూ వచ్చాను. భయం అని చెప్పుకున్నాను, ఒట్టు అని చెప్పుకున్నాను. నిజం ఇంకా హీనమైనది. అంతమంది అట్లా పాడుతుంటే ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది, ఒకవేళ నిజంగానే ఆత్మేమో, నాకు తెలిసిందే తప్పేమో అని. ఆ అనుమానం నాకు హాయిగా అనిపించింది. దాని కింద దాక్కుని నాలుగో చరణం దాకా కూర్చున్నాను.

పాట ఆగాక అన్న శబ్దం ఒక్కటే వినిపించింది. అప్పుడు లేచి పరుగెత్తాను. పిక్కలు, కండలు పట్టినాయి, నీళ్లు ఇయ్యండి అని అరిచాను. మోకాలు చాచి వేళ్లు లాగాను. ఒక కాలు వదిలితే రెండోది పట్టింది. పెద్దలు గంపలోంచి టెంకాయ తీసి అతని నోట్లో పోశారు. నేనే తల పట్టుకుని ఎత్తాను. ఇంకొకటి అన్నాను. ఇంకొకటి పోశారు, ఆపైన మూడోది. కండలు పట్టినవాళ్లకు టెంకాయ నీళ్లు మంచివని మాస్టరు చెప్పిందే నా తలలో ఉంది. అదే మాత్ర మింగే అవ్వకు గుక్కెడు కూడా పోయనిదాన్ని, ఆ నిమిషంలో నాకు అవ్వ గుర్తే రాలేదు.

జీపులో అనంతపురం తీసుకుపోయాం, నాయనా నేనూ. దారిలో అన్న ఒంట్లో పట్టు సడలింది. నయమవుతోందని నాయన స్తోత్రం చెప్పాడు. ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు అన్న ఛాతీ మీద తీగలు పెట్టి, కాగితం మీద గీతలు చూసి, ఏం మందులు వాడుతున్నాడని అడిగాడు. మందులేమీ లేవు సార్, మూడు దినాలుగా ఉపవాసంలో ఉండాడు అన్నాడు నాయన. డాక్టరు ఆ ఒంటిని, ఆ భుజాలను, సూది గుచ్చిన గుర్తులను చూసి నా వైపు తిరిగాడు.

"మా అవ్వకు నీరు దింపే మాత్రలు మింగినాడు సార్," అన్నాను. "సూదులు కూడా ఏసుకుంటాడు. మూడు టెంకాయల నీళ్లు తాపినాం."

డాక్టరు లోపలికి పరుగెత్తాడు. నాయన నా వైపు చూడలేదు. అన్న మీద కప్పిన దుప్పటి అంచు సరిచేస్తూ నిలబడ్డాడు. ఏవో సూదులు వేశారు, ఏవో ఎక్కించారు. సాయంత్రం నాలుగు గంటలకు అన్న గుండె ఆగిపోయింది. మూత్రపిండాలు ముందే చేతులెత్తేశాయి, టెంకాయ నీళ్లలో ఉండే ఆ రకం ఉప్పు రక్తంలో పెరిగి గుండె లయ తప్పింది అని డాక్టరు చెప్పాడు. రెండు గంటలు ముందు, టెంకాయ నీళ్లు పోయకుండా తెచ్చి ఉంటే చూసేవాళ్లం అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మంగళవారం అన్నను మట్టి చేసి ఇంటికి వస్తుండగా వాన పడింది. చిన్న వాన కాదు. చెరువులకు నీళ్లొచ్చాయి, అందరూ విత్తనం వేసుకున్నారు. ఇంక ఎవరు ఏం చెప్పగలరు. నా బిడ్డ ప్రాణం పెట్టి వాన తెచ్చినాడు అని నాయన అనలేదు, ఊరు అంది. సంఘం అంది. ఆ మాటకు ఆయన ఔననలేదు, కాదనలేదు. కప్పును మాత్రం ఎక్కడో తీసి పారేశాడు. నన్ను ఒకే ఒక్కసారి అడిగాడు, సమాధి దగ్గర మన్ను సర్దుతూ, మాత్రలు యాడివి అని. అవ్వ చీటీ మీద నేనే తెచ్చినా నాయనా అన్నాను. తలూపాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లు మేమిద్దరం ఆ ఊసు ఎత్తలేదు. ఉపవాసానికి నీళ్లు మానమని ఆయన ఇంకెప్పుడూ అనలేదు. ఎవరన్నా అంటే లేచి బయటికి పోయేవాడు.

దేవుడు వాన ఇచ్చాడు. నేను దాన్ని నమ్ముతాను. ఆయన దాన్ని మా అన్నకు వెలగా కట్టి ఇచ్చాడని నమ్మను. అట్లాంటి బేరగాణ్ని నేను మోకాళ్లూని కొలవడం లేదు. ఇప్పుడు రాప్తాడు రోడ్డు మీద ఎన్ని జిమ్ములో. అద్దాలు, ఏసీలు, పాటలు. మా సంఘంలో కుర్రాళ్లు కూడా పోతారు. అప్పుడు గొర్రెల మందుల మనిషి చాటుగా తెచ్చింది ఇప్పుడు ఫోన్లో అడిగితే ఇంటికే వస్తుందట. ఆ పిల్లల్లో ఎవరన్నా కాలు పట్టేసిందంటే, అరటిపండు తినమనే ముందు ఏం మింగుతున్నావని అడుగుతాను. ముఖం చిట్లించుకుంటారు. జయరాజులాంటి భక్తిపరుడి చెల్లెలు ఇట్లా అనుమానపడుతుందేమని వాళ్ల తల్లులు అంటారని నాకు తెలుసు. ఆ తల్లులకు నేను ఏం చెప్పాలన్నా ముందు నా తల్లికి చెప్పాలి.

పోయిన ఆదివారం మధ్యాహ్నం అమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమెకు ఎనభై దాటింది, చూపు మందగించింది. మంచం మీద కాళ్లు చాపుకుని, తడుముకుంటూ చింతపండులో గింజ తీస్తోంది. ఇంతవరకూ రాసిందంతా చదివి వినిపించాను. మాత్రల దగ్గర ఆమె చెయ్యి ఆగింది, మళ్లీ కదిలింది. చదవడం ముగించి కాగితాలు మడిచాను.

"ఎన్ని చరణాలు ఆ పాట?" అంది.

"నాలుగు మ్మా."

"నాలుగూ పాడితిరా?"

"పాడితిమి."

"నువ్వూ?"

"నేనూ పాడినా మ్మా."

ఆమె ఒక గింజ తీసి పక్కన పెట్టింది. తర్వాత చింతపండు గిన్నె పక్కకు జరిపి, నా చెయ్యి కోసం వెతికి పట్టుకుంది.

"వెనక పొయ్యికాడ నాకు వినపడె. చప్పట్లు, అంతా. ఆత్మ దిగినాడు మందిరంలో అనుకుంటి," అంది. "అన్నం గంజి వంచుతా నేనూ పాడితి మే. నేనూ నాలుగూ పాడితి."